తిరిగి వచ్చిన కిలో

సంక్రాంతి సెలవులు అయిపోయి బడి తెరిచిన రోజు. ప్రార్థన జరుగుతూండగా పదో తరగతి వరుసలో ఒక కుర్రవాడు కళ్లు తిరిగి కూలబడిపోయాడు. నీడలోకి చేర్చి, వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్లు కాస్త ఎత్తులో పెట్టాం. రెండు నిమిషాల్లో తేరుకున్నాడు. లేచి కూర్చున్నాక పంచదార కలిపిన నీళ్లు తాగించి, "ఏరా, పొద్దున ఏం తిన్నావు?" అని అడిగాను.

తల వంచుకున్నాడు. పొద్దున మాత్రమే కాదు, ముందు రోజు మధ్యాహ్నం తరువాత వాడు మెతుకు ముట్టలేదు. పండుగకు బరువు పెరిగిపోయిందట. నవంబరు నుంచి కష్టపడి తగ్గించుకున్నదంతా మూడు రోజుల్లో తిరిగి వచ్చేసిందట. అందుకని అయిదు రోజులుగా ఒక పూట తింటూ, ఒక పూట మానేస్తూ వచ్చాడు.

"పండుగకు అందరూ కాస్త పెరుగుతారురా" అన్నాను.

"మీ గ్రాఫులో గీత ఒక్కసారి కూడా పైకి లేవలేదు కదా మాస్టారూ" అన్నాడు.

ఆ మాటకు నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది.

ఆ గ్రాఫు సంగతి చెబుతాను. 2023 జూన్‌లో నా బరువు 82 కిలోలు, ఎత్తు 166 సెంటీమీటర్లు. పరగడుపున తీసిన రక్తంలో చక్కెర హద్దు దాటబోతున్నదనీ, బరువు తగ్గడం అవసరమనీ డాక్టరుగారు చెప్పారు. ఆనాటి నుంచి రోజూ ఉదయం బరువు చూసుకుని ఒక నోటు పుస్తకంలో రాసుకుంటున్నాను. 2024 నవంబరులో పదో తరగతికి గ్రాఫులు గీయడం నేర్పుతూ, ఆ పుస్తకం నుంచే పన్నెండు అంకెలు తీసి నల్లబల్ల మీద బిందువులు పెట్టాను. గీత మెట్లు దిగినట్లు చక్కగా కిందికి వచ్చింది. ఎందుకు రాదు? పెరిగిన వారాలను వదిలేసి, తగ్గిన వారాలను మాత్రమే ఏరుకున్నాను. పాఠం తేలికగా ఉంటుందనుకున్నాను. విజ్ఞానశాస్త్రం చెప్పేవాడు చేయకూడని పని అది. ఆ గీతను చూసి ఒక కుర్రవాడు ఇంట్లో ఎవరికీ చెప్పకుండా బరువు తగ్గడం మొదలుపెట్టాడని నాకు తెలియదు. అతని గీత పైకి లేచిన రోజున, తప్పు తనదేననుకున్నాడు.

ఆనాడు వదిలేసిన అంకెలను ఇప్పుడు చెబుతాను. అసలు పాఠం వాటిలోనే ఉంది.

పండుగ కిలో

2025 జనవరి 12 ఉదయం నా బరువు 75.0 కిలోలు. భోగి, సంక్రాంతి, కనుమ గడిచాక 16వ తేదీ ఉదయం 76.3. నాలుగు రోజుల్లో ఒక కిలో మూడు వందల గ్రాములు! ఇదంతా కొవ్వేనా? లెక్క వేసి చూద్దాం.

ఒక గ్రాము కొవ్వు పదార్థం నుంచి సుమారు 9 కేలరీల శక్తి వస్తుందని మీరు చదువుకున్నారు. (ఆహారం విషయంలో కేలరీ అంటే కిలోకేలరీ అని అర్థం.) మన శరీరంలోని కొవ్వు కణజాలంలో కొంత నీరు కూడా ఉంటుంది కనుక, కిలో కణజాలానికి సుమారు 7,700 కేలరీలు అని లెక్క కడతారు. ఆ ప్రకారం 1.3 కిలోలంటే సుమారు 10,000 కేలరీలు. అంత శక్తి నిల్వ పడాలంటే, శరీరానికి ఆ నాలుగు రోజులకూ సరిపోయే తిండి తిన్న తరువాత, ఇంకా కిలో పైచిలుకు నెయ్యి తాగాలన్నమాట. నేను అరిసెలు తిన్న మాట నిజం. కనుమ నాడు గారెలు లెక్కపెట్టుకోకుండా తిన్న మాటా నిజం. కాని కిలో నెయ్యి తాగలేదు.

అయితే మిగిలిన బరువు ఏమిటి? చాలా వరకు నీరు. ఆ నీరు రెండు దారుల్లో వస్తుంది.

మొదటిది ఉప్పు. ఆసుపత్రిలో ఎక్కించే సెలైనులో లీటరుకు 9 గ్రాముల ఉప్పు ఉంటుంది. మన రక్తంలోని లవణ గాఢతకు అది దగ్గరగా ఉంటుంది. శరీరం ఆ గాఢతను మారనివ్వదు. పులిహోర, ఆవకాయ, అప్పడాలు, జంతికలు అన్నీ కలిసి అయిదు గ్రాముల ఉప్పు అదనంగా లోపలికి వెళ్లిందనుకోండి. దాన్ని పలచబరచడానికి అర లీటరు పైగా నీరు ఒంట్లో నిలవాలి. అందుకే అంత దాహం! మూత్రపిండాలు అదనపు ఉప్పును కొద్ది రోజుల్లో బయటికి పంపుతాయి, దానితోపాటు నీరూ పోతుంది.

రెండవది గ్లైకోజన్. పిండిపదార్థాల నుంచి వచ్చిన గ్లూకోజులో కొంత భాగాన్ని కాలేయం, కండరాలు గ్లైకోజన్ రూపంలో దాచుకుంటాయి. పెద్దవారిలో ఇది సుమారు అర కిలో దాకా ఉండవచ్చు. ఒక గ్రాము గ్లైకోజన్ తనతోపాటు సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. తిండి తగ్గించగానే ముందు ఖర్చయ్యేది ఈ నిల్వే. అందుకే మొదటి వారంలో బరువు గబగబా తగ్గినట్లు కనిపించి మనిషి ఉప్పొంగిపోతాడు. రెండు రోజులు కడుపునిండా తింటే ఆ నిల్వ మళ్లీ నిండుతుంది, నీటితో సహా. అప్పుడు కుంగిపోతాడు. ఆ సంతోషంలోనూ ఈ దుఃఖంలోనూ కొవ్వు ప్రమేయం కొద్దిగానే ఉంటుంది.

పేగుల్లో ఉన్న తిండి బరువు కూడా కలుపుకోండి. స్త్రీలలో నెలసరికి ముందు నీరు నిలిచి బరువు పెరగడం కూడా మామూలే.

ఇక నా అంకె. 21వ తేదీ ఉదయానికి, ప్రత్యేకంగా ఏమీ చేయకుండానే, 75.2కు దిగింది. మిగిలిన ఆ 200 గ్రాములూ అరిసెల తాలూకు కావచ్చు. వాటి గురించి నాకు చింత లేదు, అరిసెలు బాగున్నాయి.

కుర్రవాడి అంకె విషయంలో ఇంకొక చిక్కుంది. నవంబరు నుంచి అతను బడిలోని మిషను మీద పొద్దున్నే బరువు చూసుకునేవాడు. పండుగలో చూసుకున్నది వాళ్ల ఊళ్లో కిరాణా కొట్టు కాటా మీద, మధ్యాహ్నం భోజనం చేసి, కొత్త ప్యాంటు తొడుక్కుని! రెండు వేరు వేరు పరికరాలతో, రెండు వేరు వేళల్లో తీసిన కొలతలను పోల్చకూడదని ప్రయోగశాలలో మీకు ఎన్నిసార్లు చెప్పాం? మన ఒంటి సంగతి వచ్చేసరికి అందరం మరచిపోతాం.

బరువు గంట గంటకూ మారుతుందని కనిపెట్టడం కొత్త సంగతి కాదు. ఇటలీలోని పాదువాలో శాంటోరియో అనే వైద్యుడు పెద్ద త్రాసుకు ఒక కుర్చీ వేలాడదీసి, అందులో కూర్చుని సుమారు ముప్ఫై ఏళ్లపాటు తన బరువును తూచుకున్నాడు. తిన్నది, తాగినది, విసర్జించినది అన్నీ తూచాడు. ఆ ఫలితాలను 1614లో పుస్తకంగా వేశాడు. లోపలికి వెళ్లిన దానిలో సగానికి పైగా మలమూత్రాలుగా కాక, కంటికి కనపడకుండా పోతున్నదని ఆయన గమనించాడు. చర్మం నుంచీ ఊపిరి నుంచీ పోయే నీటి ఆవిరి దానిలో పెద్ద భాగమని ఈనాడు మనకు తెలుసు. కరిగిన కొవ్వు పోయే దారి కూడా ముఖ్యంగా ఊపిరే. 10 కిలోల కొవ్వు పూర్తిగా ఆక్సీకరణం చెందితే సుమారు 8.4 కిలోల కొవ్వు కార్బన్ డయాక్సైడుగా ముక్కు గుండా పోతుందనీ, తక్కిన 1.6 కిలోలు నీరుగా మారుతుందనీ 2014లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఇద్దరు లెక్కకట్టి చూపారు.

మరి రోజూ ఊగిసలాడే అంకె నుంచి నిజం ఎలా తెలుసుకోవాలి? సగటు తీయాలి. నా పుస్తకంలోంచి రెండు వారాలు ఇస్తున్నాను. మొదటి వారం: 75.4, 74.9, 75.6, 75.1, 74.8, 75.3, 74.9. రెండవ వారం: 75.2, 74.7, 75.5, 74.8, 74.6, 75.1, 74.7. మొదటి వారం చివరి రోజు 74.9 చూసి, తరువాతి బుధవారం 75.5 చూస్తే ఎవరికైనా గుండె జారుతుంది. కాని సగటులు తీసి చూడండి. మొదటి వారం సగటు 75.14, రెండవ వారం 74.94. అంటే 200 గ్రాములు తగ్గాను! బుధవారం నాటి దిగులు దండగ.

కదలని అంకె

2023 జూన్‌లో మొదలుపెట్టిన నేను అక్టోబరుకు 78కి వచ్చి అక్కడ ఆగిపోయాను. అదే నడక, అదే తిండి. అయిదు వారాలు సగటు కదలలేదు. ఈ వారాలు కూడా నేను నల్లబల్ల మీద వేయలేదు.

దీనిలో సగం సంగతి మామూలు భౌతికశాస్త్రమే. నాలుగు కిలోల బియ్యం సంచి మోస్తూ కాలువ గట్టున నడిచేవాడు సంచి దించేసి నడిస్తే తక్కువ శక్తి ఖర్చవుతుంది. బరువు తగ్గిన మనిషి సంచి దించినవాడే. ఊరికే పడుకుని ఉన్నా చిన్న శరీరానికి తక్కువ శక్తి చాలు. కనుక మొదట లోటుగా ఉన్న తిండి, కొన్నాళ్లకు సరిగ్గా సరిపోయే తిండి అవుతుంది.

మిగతా సగం ఇంకా విచిత్రమైనది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, యూరపులో ఆకలితో మాడుతున్న జనానికి తిరిగి తిండి ఎలా అందించాలో తెలుసుకోవడానికి, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రజ్ఞుడు ఒక ప్రయోగం చేశాడు. 1944–45లో 36 మంది యువకులు స్వచ్ఛందంగా ముందుకు వచ్చారు. 24 వారాలపాటు వారికి అరకొర తిండి పెట్టారు. వారి బరువులో దాదాపు నాలుగో వంతు తగ్గింది. గుండె నెమ్మదించింది. ఒళ్లు చలివేసింది. శరీరం చిక్కినందువల్ల తగ్గవలసిన దానికంటే కూడా శక్తి ఖర్చు ఎక్కువగా తగ్గింది. దీపంలో చమురు అయిపోవస్తున్నదని ఇల్లాలు వత్తిని తగ్గించినట్లు! పగలూ రాత్రీ తిండి గురించే ఆలోచనలు. కొందరు వంటల పుస్తకాలు ముందు పెట్టుకుని చదివేవారు. ప్రయోగం ముగిసి కావలసినంత తినవచ్చన్నాక, కడుపు నిండినా ఆకలి తీరలేదన్నారు.

ఆ ఆకలి ఎక్కడి నుంచి వస్తుంది? 1994లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం లెప్టిన్‌కు సంబంధించిన జన్యువును కనుగొన్నది. లెప్టిన్ అంటే కొవ్వు కణాలు రక్తంలోకి వదిలే హార్మోను. కొవ్వు తగ్గితే లెప్టిన్ తగ్గుతుంది. మెదడులోని హైపోథాలమస్ దానిని కరువు కబురుగా తీసుకుని ఆకలి పెంచుతుంది. 1999లో జపాను శాస్త్రజ్ఞులు గ్రెలిన్‌ను కనుగొన్నారు. ఇది జీర్ణాశయం నుంచి వచ్చి ఆకలి పుట్టించే హార్మోను. 2011లో మెల్‌బోర్న్ పరిశోధకులు స్థూలకాయులైన 50 మందికి పది వారాలపాటు చాలా తక్కువ తిండి ఇచ్చి బరువు తగ్గించారు. ఏడాది గడిచిన తరువాత చూసినా, వారి ఆకలి హార్మోనులు పాత స్థాయికి రాలేదు.

"కాస్త నోరు కట్టుకోలేవా?" అని బొద్దుగా ఉన్నవారిని ఇట్టే అనేస్తారు. అనేవారి హైపోథాలమస్‌కు ఆ రోజు కరువు కబురు అందలేదు, అంతే తేడా. వేల ఏళ్లపాటు కరువులు దాటి వచ్చిన జీవి మనిషి. తగ్గిన బరువును తిరిగి రాబట్టుకోవడం మన శరీరానికి బాగా తెలిసిన విద్య.

నేను ఆ అయిదు వారాల్లో తిండి ఇంకా కోయలేదు. సాయంకాలం నడక పావుగంట పెంచాను. రాత్రి అన్నంలో ఒక గరిటె తగ్గించి ఆకుకూర పప్పు ఒక గరిటె ఎక్కువ వేసుకున్నాను. నెల తరువాత అంకె మళ్లీ కదిలింది, మునుపటికంటే నెమ్మదిగా.

మునిగినవాడికి చలేమిటి?

మూడవది అన్నిటికంటే గడ్డుది. 2024 ఫిబ్రవరిలో 76.4 దగ్గర ఉండగా కాలువ గట్టు మీద జారి నా చీలమండ బెణికింది. నడక ఆగిపోయింది. ఇంట్లో కూర్చుంటే సాయంత్రం మిరపకాయ బజ్జీలు గుర్తొచ్చాయి. మొదటి వారంలో ఒకనాడు తిన్నాను. రెండవ వారానికి రోజూ తింటున్నాను. నడక లేనప్పుడు బజ్జీలు మాని మాత్రం ఏం లాభం, ఎలాగూ పోయింది కదా అనుకున్నాను. మునిగినవాడికి చలేమిటని మన పెద్దలు అన్నది ఈ ధోరణినే.

దీనిని కూడా పరిశోధకులు వదలలేదు. 1975లో అమెరికాలో కొందరు విద్యార్థినులతో చేసిన ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. ముందుగా కొందరికి పాలషేకు తాగించి, తరువాత రుచి చూసి చెప్పమని ఐస్‌క్రీమ్ ఇచ్చారు. మామూలుగా తినే అలవాటున్నవారు పాలషేకు తాగాక ఐస్‌క్రీమ్ తక్కువ తిన్నారు. తిండి విషయంలో కట్టడి పాటించేవారు మాత్రం, పాలషేకు తాగినప్పుడే ఐస్‌క్రీమ్ ఎక్కువ తిన్నారు! నియమం ఒకసారి తప్పింది కనుక ఇక ఆ పూటకు అడ్డు లేదన్నమాట.

లెక్క ఎలా ఉంటుందో చూడండి. ఒక ప్లేటు బజ్జీలు 300 కేలరీలనుకుందాం. అది 40 గ్రాముల కొవ్వుకు సమానం. కాటా మీద కనపడను కూడా కనపడదు. బజ్జీలు కాదు, వాటి వెనుక వచ్చే "ఎలాగూ పోయింది" అన్న మాటే బరువైనది.

ఆ రోజుల్లో నేను చేసిన మరొక పని ఉంది. కాటా ఎక్కడం మానేశాను. నా పుస్తకంలో అయిదు వారాల గడులు ఖాళీగా ఉన్నాయి. చూడకపోతే పెరగనట్లే అనుకున్నానేమో. చివరికి ఏడు వారాలు గడిచాక చూసుకుంటే, సగటు 78.6. రెండు కిలోల 200 గ్రాములు పెరిగాను. ఇది పండుగ కిలో వంటిది కాదు, రోజులు గడిచినా దిగలేదు. 2.2ను 7,700తో గుణించి 49 రోజులకు పంచితే రోజుకు సుమారు 350 కేలరీలు. నడక మానినందువల్ల మిగిలినవి కొన్ని, బజ్జీల వల్ల చేరినవి కొన్ని. భూతంలా కనిపించిన అంకె భాగహారం చేస్తే ఒక నడక, ఒక ప్లేటు బజ్జీలుగా తేలింది.

అందుకని ఉపవాసాలు పట్టలేదు. రోజూ ఉదయం కాటా ఎక్కి అంకె రాయడం మళ్లీ మొదలుపెట్టాను. కాలు కుదుటపడ్డాక నడక తిరిగి వచ్చింది. బజ్జీలు గురువారం సంత రోజుకు పరిమితమయ్యాయి. పూర్తిగా మానతానని ఒట్టు పెట్టుకుంటే ఒట్టు తప్పిన రోజున మళ్లీ మునకే. తిరిగి 76.4కు రావడానికి పందొమ్మిది వారాలు పట్టింది. ఎక్కడానికి ఏడు, దిగడానికి పందొమ్మిది.

ఎదిగే వయసు

ఇంతవరకు చెప్పినది ఎదుగుదల ఆగిపోయిన పెద్దవాడి కథ. కుర్రవాడికి నేను ముందే చెప్పవలసిన మాట ఇది: మీ వయసులో బరువు పెరగకపోతేనే ఆలోచించాలి. ఎముకలు పొడుగవుతున్నాయి, కండరాలు ఏర్పడుతున్నాయి, రక్తం పెరుగుతోంది. చురుకుగా ఎదిగే ఏడాదిలో ఎనిమిది, తొమ్మిది సెంటీమీటర్ల ఎత్తు పెరిగేవారున్నారు. వీటన్నిటికీ మాంసకృత్తులు, ఇనుము, కాల్షియం కావాలి. పూటలు మానేస్తే అవి ఎక్కడి నుంచి వస్తాయి? పైగా కడుపు ఖాళీగా, నీళ్లు చాలకుండా, కదలకుండా నిలబడితే రక్తం కాళ్లలోకి దిగి మెదడుకు చేరేది తగ్గుతుంది. ప్రార్థనలో జరిగింది అదే.

ఉదాహరణకు 150 సెంటీమీటర్ల ఎత్తు, 56 కిలోల బరువు ఉన్న పిల్లవాడి బి.ఎం.ఐ. 24.9. అతని ఎత్తు 158కి పెరిగేదాకా బరువు అదే ఉంటే బి.ఎం.ఐ. 22.4 అవుతుంది. ఒక్క గ్రాము కూడా తగ్గలేదు! అందుకే, నిజంగా బరువు ఎక్కువున్న పిల్లల విషయంలో కూడా చాలాసార్లు డాక్టర్లు తగ్గించమనరు, నిలకడగా ఉంచమంటారు. అయితే పిల్లల బి.ఎం.ఐ.ని పెద్దల కొలతలతో పోల్చరాదు. వయసును బట్టి, ఆడపిల్లా మగపిల్లవాడా అన్నదాన్ని బట్టి వేరే పట్టికలు ఉన్నాయి. వాటిని చూసి చెప్పవలసినది డాక్టరు. అద్దం కాదు, స్నేహితులు పెట్టిన పేరు అసలే కాదు. తిండి తినాలంటే భయం వేస్తున్నా, తిన్నది కక్కేయాలనిపిస్తున్నా ఆ సంగతి దాచుకోకుండా అమ్మకో, నాన్నకో, మాస్టారికో వెంటనే చెప్పండి. అది వైద్యం అవసరమైన జబ్బు, చెప్పుకోవడానికి సిగ్గుపడవలసినది కాదు.

ఆ మరుసటి వారం నా నోటు పుస్తకం తరగతికి తీసుకువెళ్లాను. ఏడాదిన్నర వారాల సగటులన్నీ పిల్లలు వంతులవారీగా చదువుతూంటే, కుర్రవాడే నల్లబల్ల మీద బిందువులు పెట్టాడు. ఈసారి గీత మెట్లు దిగలేదు, కాలువ గట్టులా ఎగుడుదిగుడుగా నడిచింది. 2024 ఫిబ్రవరి దాటాక అతని సుద్దముక్క ఆగింది.

"ఇక్కడ అయిదు వారాలు లేవేంటి మాస్టారూ?"

"భయమేసి చూసుకోలేదురా" అన్నాను.

తరగతిలో కొందరు నవ్వారు. అతను నవ్వలేదు. ఖాళీకి అటూ ఇటూ ఉన్న బిందువుల మీద వేలు పెట్టి కాసేపు చూశాడు.

"అయితే ఇక్కడ నిండు గీత గీయకూడదు కదండీ. చుక్కల గీత వేస్తాను" అని వేశాడు.